శుక్రవారం నెట్టు

మన భాషలో ‘నెట్టు’ అంటే తొయ్యమని. ఇంటర్నెట్ మన ఊళ్ళకు వచ్చాక, అలవాటు కొద్దీ జనం దాని చివర ఒక ఉకారం తగిలించారు. దాంతో రెండు మాటలూ ఒకటైపోయాయి. నా ఉద్యోగమంతా ఆ ఒకటైన మాట మీదే నడిచింది. ‘నెట్టు వస్తలేదు సారు’ అని జనం ఫోన్ చేసేవాళ్ళు. నేను వెళ్ళి నెట్టేవాణ్ణి. అప్పటికీ రాకపోతే తప్పును వాళ్ళ కంప్యూటర్ మీదికి నెట్టేవాణ్ణి.

కరీంనగర్‌లో ఇళ్ళకు కేబుల్ లాగి ఇంటర్నెట్ ఇచ్చే ఒక ప్రైవేటు కంపెనీలో నేను సర్వీసు మనిషిని. కంపెనీ నాకిచ్చిన హోదా పేరు విజిటింగ్ కార్డు మీద రెండు వరుసలు పట్టేది. జనం దాన్ని ‘నెట్టు సారు’ అని రెండు మాటల్లోకి కుదించారు. మొన్నీమధ్యే రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ‘మీ అనుభవంలకెల్లి ఏదన్న చెప్పుండ్రి సార్’ అంటుంటారు. నా అనుభవంలో చెప్పుకోదగ్గది ఒక్కటే, అదీ బోర్లా పడిన అనుభవం. అందుకే వినడానికి బాగుంటుంది.

ముందు నా కీర్తి గురించి చెప్పాలి. లేకపోతే పోయినప్పుడు ఏం పోయిందో మీకు తెలియదు.

కొన్నాళ్ళు నన్ను భైంసాకు పంపారు. అక్కడ ఒక పత్తి వ్యాపారి ఆఫీసులో నెట్ నత్తతో పందెం వేసి ఓడిపోతోంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడో విన్న ఒక చిట్కా ప్రయోగించాను. ఆపరేటింగ్ సిస్టం మన స్పీడులో కొంత వాటా తన కోసం దాచుకుంటుందనీ, లోపల్లోపల ఉండే ఒక సెట్టింగులోకి పోయి అక్కడ సున్నా పెడితే ఆ దాచుకున్నదంతా కక్కేస్తుందనీ ఆ చిట్కా సారాంశం. సున్నా పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టమన్నాను. పెట్టారు. నెట్ పరిగెత్తింది. సేఠ్ కుర్చీలోంచి లేచి ‘ఫాస్ట్ ఝాలా!’, అంటే ఫాస్ట్ అయిందని, అరిచాడు. మరాఠీలో నన్నెవరైనా పొగడడం అదే మొదలు, అదే చివర.

ఆ కంప్యూటర్‌ను వాళ్ళు వానాకాలం మొదలైనప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆపలేదని నాకు తర్వాత తెలిసింది. దానికి కావలసింది కాసేపు నిద్ర. సిస్టం దాచుకునే వాటా అన్నది కూడా నిజానికి మామూలు వేళల్లో ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోదట. అంటే నేను సున్నా పెట్టి సున్నా సాధించాను. కానీ కీర్తికి ఇలాంటి వివరాలు అక్కర్లేదు. కరీంనగర్‌కు తిరిగి వచ్చేసరికి నేను ‘సెట్టింగ్ సారు’ను అయిపోయాను.

కీర్తి వచ్చాక విద్య పెంచుకోవాలి కదా. చిరునామాలు వెతికిపెట్టే సర్వరు నంబరు మార్చడం, వెనకాల తమంతట తామే నడిచే అప్‌డేట్లను ఆపెయ్యడం నేర్చుకున్నాను. అన్నిటికంటే ఘనమైనది నల్ల తెర. ఆ తెర తెరిచి తెల్లటి అక్షరాలతో ఆజ్ఞలు కొడుతుంటే ఇంటివాళ్ళు ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డట్టు నిలబడేవాళ్ళు. మధ్యలో ఒకసారి నేను ‘ఊఁ’ అని తలాడిస్తే టీ వచ్చేది.

నా విద్యను నమ్మనివాడు కంపెనీలో ఒక్కడే ఉండేవాడు, మా లైన్‌మన్. నాకంటే కొంచెం చిన్నవాడు. జుట్టుకు నల్లరంగు, మాటకు ఎర్రకారం వేసుకుని తిరిగేవాడు. నిచ్చెన కట్టిన బండి మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు.

‘సారూ, మీరు తీగె ముట్టరు, డబ్బ ముట్టరు, సెట్టింగే ముడుతరు. నెట్టు ఆగమైందని పిలుస్తే మీరు వేగమని పోతరు, ఇంకింత ఆగం జేసి ఒస్తరు’ అనేవాడు.

‘వేగానికీ ఆగానికీ ఒక్క అక్షరమే తేడా’ అనేవాణ్ణి నేను గంభీరంగా.

‘గా ఒక్కదాంట్లనే గదా సారు మనం నౌకరి చేసేది.’

ఇక అసలు సంగతి. ధర్మపురికి పోయే దారిలో, గోదావరికి కాస్త ఇవతల ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఇంట్లో ముగ్గురు. తల్లి, కొడుకు, కోడలు. కొడుకు మస్కట్‌లో భవనాల పని చేస్తాడు. అక్కడ నడుం దెబ్బ తిని, సెలవు పెట్టి వచ్చాడు. సెలవు అయిపోవస్తోంది. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు, అయినా మళ్ళీ పోవడానికి సిద్ధపడుతున్నాడు. కోడలు డిగ్రీ చదివింది. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ, ఇంటి నుంచే కంప్యూటర్ మీద ఖాతాదారుల ఫిర్యాదులకు తెలుగులో జవాబులు రాసే ఉద్యోగం ఇస్తానంది. దానికి ఒక పరీక్ష ఉంటుంది. కెమెరా ఎదురుగా కూర్చుని, వాళ్ళు చూస్తుండగా రాయాలి. నెట్ తెగితే పరీక్ష అక్కడికక్కడే మూసుకుపోతుంది.

ఒకసారి అలాగే మూసుకుపోయింది. బతిమాలితే ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అంతకుమించి ఇచ్చేది లేదన్నారు. ఉద్యోగం వస్తే భర్త మస్కట్ పోనక్కర్లేదు. రాకపోతే విరిగిన నడుంతో విమానం ఎక్కాలి. సంగతి ఇంత సూటిగా ఆ అమ్మాయి చెప్పలేదు, అత్త చెప్పింది.

‘సారూ, గా డబ్బల లైటు ఎలుగుతనే ఉన్నది, మా కోడలు మొకంల లైటే పోయింది. జర మంచిగ సూడు బిడ్డా.’

నేను వెళ్ళింది ఒక సోమవారం. లాప్‌టాప్ తెరిచి, స్పీడు కొలవకుండానే సెట్టింగుల్లోకి దిగాను. జ్వరం చూడకుండా సూది వేసే డాక్టరు లాంటివాణ్ణి అన్నమాట. సున్నా పెట్టాను, సర్వరు మార్చాను, అప్‌డేట్లు ఆపాను. తర్వాత కొలిచాను. గుర్రం. అత్త, అంటే ఆ ఇంటి పెద్దమ్మ, చేతులు జోడించింది. కోడలు పరీక్ష లాంటి నమూనా ఒకటి రాసి చూసుకుంది, ఎక్కడా ఆగలేదు. కొడుకు గోడకు వీపు ఆనించి నవ్వాడు. ‘సారు చెయ్యి పడ్డది’ అన్నాడు.

చెయ్యి పడలేదు నాయనా, సోమవారం పడింది. ఆ ముక్క నాకప్పుడు తెలియదు.

ఆ శుక్రవారం ఫోన్. కోడలు గొంతు. ‘సార్, మల్ల గట్లనే అయితుంది. బొమ్మ ఆగి ఆగి ఒస్తుంది. పరీచ్చ వచ్చే శుక్రారమే సార్. ఆ కంపెనీ వాళ్ళు శుక్రారమే పెడుతరట.’

శనివారం వెళ్ళాను. వెళ్ళగానే స్పీడు బాగానే ఉంది, అది నాకు మంచి సూచన అనిపించింది. ‘ఇంకొంచెం లోతుకు పోదాం’ అని నల్ల తెర తెరిచాను. వచ్చే సమాచారాన్ని ఎంతెంత ముద్దల్లో తీసుకోవాలో కంప్యూటర్ తనంతట తానే నిర్ణయించుకునే పద్ధతి ఒకటుంది. దాని సొంత తెలివి నాకు నచ్చలేదు. ఆపేశాను. అన్నం ముద్దలు చేసుకుని తినే మనిషికి మెతుకు మెతుకు తినమని చెప్పినట్టయింది. స్పీడు సగానికి పడింది. ఎందుకు పడిందో తెలియక, దానికి విరుగుడుగా మరో రెండు మార్చాను. ఇంకా పడింది. లైన్‌మన్ బయట నిచ్చెన దించి, మేకు సరిచేసి, బీడీ కాల్చి, లోపలికి వచ్చి నా భుజం మీదుగా చూశాడు.

‘సారూ, మీరు రాకముందు గింత స్లో లేకుండె గదా?’

కొడుకు అందుకున్నాడు. ‘మా మస్కట్ల ఫోర్మన్ గూడ గింతే అన్నా. పని మంచిగ నడుస్తుంటే ఒచ్చి, ఎట్ల నడుస్తుందో అడిగి ఆపుతడు.’

నేను చేసినవన్నీ చెరిపేసి, కంప్యూటర్‌ను పుట్టినప్పటి స్థితికి తెచ్చాను. స్పీడు మళ్ళీ వచ్చింది. నిజాయితీ ఉన్నవాడు అక్కడ ఆగి ఆలోచించాలి. అన్నీ తీసేస్తే బాగుందంటే, జబ్బు సెట్టింగుల్లో లేదనే కదా. నేను ఆలోచించింది వేరు. ‘పరీక్ష రోజు నేనే వస్తాను బిడ్డా, పక్కనే కూర్చుంటాను’ అన్నాను. ఆ అమ్మాయి ముఖంలో భయం పెరిగినట్టు అనిపించింది గానీ, దాన్ని నేను కృతజ్ఞత కింద జమ కట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున చేరుకున్నాం. పరీక్ష పదకొండింటికి. కోడలు తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, లాప్‌టాప్‌కు బొట్టు పెట్టింది. కొడుకు నడుముకు బెల్టు బిగించుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. మొన్న చెరిపేసిన సున్నాను మళ్ళీ పెట్టాను, అప్‌డేట్లు మళ్ళీ ఆపాను. స్పీడు బ్రహ్మాండం. నేను మీసం లేనివాణ్ణి గనుక గడ్డం దువ్వుకున్నాను.

పది దాటింది. బొమ్మ తడబడింది. సర్దుకుంది. మళ్ళీ తడబడింది. కాసేపటికి నీళ్ళు అడుగంటిన బోరులా దగ్గడం మొదలుపెట్టింది. నా చేతులు వాటంతట అవే సెట్టింగుల వైపు పరిగెత్తాయి. సున్నా ఉందా? ఉంది. అప్‌డేట్లు ఆగి ఉన్నాయా? ఉన్నాయి. నల్ల తెర తెరిచాను. నా నుదుటి చెమట కీబోర్డు మీద పడింది. కోడలు చీర కొంగుతో ఆ చెమట తుడిచింది, కీబోర్డు మీదిది.

‘సార్, జర మీరు లేస్తరా?’ అంది మెల్లగా.

మంచినీళ్ళ వంకతో బయటికి వచ్చాను. అప్పుడు చూశాను ఆ వాడను.

అటు అరుగు మీద ఒకామె, ఇటు గద్దె మీద ఇద్దరు, ఎదురింటి మెట్ల మీద ఒక పెద్దావిడ, గోడ వారగా చంటిబిడ్డనెత్తుకుని ఒక చిన్నమ్మాయి. అందరి చేతుల్లో ఫోన్లు, అన్ని ఫోన్లలో ఒక్కో మగ ముఖం. బనీన్ల మీద, అప్పుడే నిద్ర లేచిన కళ్ళతో, చేతిలో చాయ్ గ్లాసులతో.

‘ఏం వండుకుంటున్నవ్ ఇయ్యాల?’

‘కోడికూర. శుక్రారం గదా, సెలవు.’

‘ఆగో, మల్ల బొమ్మ ఆగింది. మొకం అట్లనే పెట్టినవేంది, కోతి లెక్క?’

కరీంనగర్ గడ్డ మీద పుట్టి, పెరిగి, ఉద్యోగం చేసి, శుక్రవారం అంటే ఏమిటో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఈ ఆడవాళ్ళ భర్తలు పనిచేసే గల్ఫ్ దేశాల్లో శుక్రవారం సెలవు. అక్కడివాళ్ళు ఆలస్యంగా లేచి ఫోన్ తీసే వేళకు ఇక్కడ పది దాటుతుంది. ఆ వాడలో సెల్ టవర్ సిగ్నలు పండక్కొచ్చే చుట్టం లాంటిది. మరి ఇన్ని ఫోన్లకు నెట్ ఎక్కడిది?

లోపలికి వెళ్ళి, ఇన్నాళ్ళూ తెరవని పేజీ తెరిచాను. ఇంటి వైఫై డబ్బాకు ఎవరెవరు తగులుకుని ఉన్నారో చూపే పేజీ. వాడంతా అందులో ఉంది.

‘పెద్దమ్మా, మీ పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పారా?’

‘నేనెందుకు చెప్తా సారు. అడిగినోళ్ళకే చెప్పిన.’

కొడుకు నెత్తి గోక్కున్నాడు. పాస్‌వర్డ్ పెట్టింది అతనే. వాళ్ళ బర్రె పేరు లచ్చి. అక్షరాలు చాలవని డబ్బా ఒప్పుకోకపోతే ఆ పేరే రెండుసార్లు కొట్టాడట. పెద్దమ్మ రోజూ సాయంత్రం వాకిట్లో నిలబడి ‘లచ్చీ, లచ్చీ’ అని రెండుసార్లే పిలుస్తుంది. అంటే అడగనివాళ్ళకు కూడా రోజూ చాటింపు అయిపోతోంది. బర్రె వస్తుంది, నెట్ పోతుంది.

అప్పుడు నేను చేసిన పనికి ఆలోచన అని పేరు పెట్టలేను. పాస్‌వర్డ్ మార్చేశాను. అంకెలు, చుక్కలు, చిన్న పెద్ద అక్షరాలు కలిపి, ఏ బర్రె కూడా పలకని పేరు ఒకటి పెట్టాను. నెట్ ఒక్కసారిగా ఎగిసింది. ‘అయింది!’ అన్నాను. లోపల ఆ మాట ఇంకా మోగుతుండగానే బయట వాడ మోగింది.

‘అత్తా, నెట్టు పోయిందే!’

‘మొకం కనబడుతుండంగనే పోయింది, ఏమైందో ఏందో!’

‘పెద్దవ్వా, మీ డబ్బ జర సూడరాదూ!’

పెద్దమ్మ నా వైపు తిరిగింది. ‘సారు, ఏం జేసినవ్?’

చెప్పాను. ఆమె ముఖం అలా మారుతుందని నేననుకోలేదు.

‘ఇంట్ల పాడి ఉన్నోళ్ళు తోడుకు ఒచ్చినోళ్ళను లేదంటరా? అద్దగంట కింద ఇచ్చి, ఇప్పుడు గిన్నె గుంజుకుంటరా? గా మూలింటి పిల్ల మొగడు బిడ్డ పుట్టినంక బిడ్డను ఫోన్లనే సూసిండు. శుక్రారం శుక్రారమే సూస్తడు.’

‘అవ్వా, గంటసేపే గదనే’ అన్నాడు కొడుకు. ‘పరీచ్చ అయినంక మల్ల పెడుతం.’

‘గంటకైనా అడుగుతే ఇస్తరు. గుంజుకుంటే ఇయ్యరు’ అంది ఆమె. ‘సారు, మొదలున్నట్టే పెట్టు. నేనడిగొస్త.’

పదకొండు దగ్గర పడుతోంది. కోడలు నా వైపు చూడలేదు. కొడుకు బెల్టు మీద చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఆ ఇంట్లో ఆ నిమిషాన అందరికంటే తెలివైన పని, కొత్త పాస్‌వర్డ్ అలాగే ఉంచి గంట గడపడం. తెలివికీ నాకూ ఆ వారం అంతగా పొసగడం లేదు. అత్త మాట విన్నాను. లచ్చిని రెండుసార్లు కొట్టాను. నెట్ మళ్ళీ దగ్గింది.

పెద్దమ్మ వాకిట్లోకి వెళ్ళి, చీర కొంగు నడుముకు చుట్టి, గట్టిగా అంది. ‘అక్కలాలా, చెల్లెలాలా! మా కోడలు పరీచ్చ రాస్తున్నది. గది పాసైతే నా కొడుకు మస్కట్ పోడు. ఒక్క గంట మీ ఫోన్లల్ల వైఫై బందు పెట్టుండ్రి. మీకు కష్టమే, నాకెరికే. అయినా అడుగుతున్న.’

గద్దె మీదామె నసిగింది. ‘గంటయినంక ఆయినె, నమాజుకు దుకాండ్లు బందు గాకముందే, సామాన్లకు పోతడత్తా. మల్ల దొరకడు.’

అప్పుడు చంటిబిడ్డను ఎత్తుకున్న మూలింటి అమ్మాయి తన ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. ‘ఇనబడుతుందా? గంట ఆగు. ఆఁ, బిడ్డ ఈడనే ఉంటది, ఎటు పోతది. గంట ఆగుమంటున్న గదా’ అని, వేలితో నొక్కి ఆపేసింది. ఆపేసి, గద్దె మీదామె వైపు తిరిగింది.

‘పెట్టక్కా బందు. మన గల్లీల ఒక్క మొగోడన్న మన లెక్కకు ఉండనీ. రేపు దవఖానకు బండి మీద తోల్కపోనీకన్న పనికొస్తడు.’

‘నడుం ఇరిగినోడు ఏం తోలుతడే!’ అంది మెట్ల మీది పెద్దావిడ. వాడంతా నవ్వింది. ఆ నవ్వులోనే ఒక్కొక్క ఫోనూ ఆరిపోయింది. ‘గంట ఆగు’, ‘జర ఆగు’, ‘ఆగుమయ్యా, ఏం కొంపలు అంటుకున్నయ్’ అంటూ సముద్రం అవతలి మగవాళ్ళందరినీ నిలబెట్టారు.

నేను నా జీవితంలో మార్చిన సెట్టింగులన్నీ కలిపినా ఆ స్పీడు రాలేదు.

కోడలు పరీక్షకు కూర్చుంది. నన్ను గది బయటే ఉండమంది. అది ఆమె తీసుకున్న మొదటి సాంకేతిక నిర్ణయం, సరైనది కూడా. నేనూ లైన్‌మన్నూ వాకిట్లో నిలబడ్డాం. వాడ వాడంతా ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒకామె చిక్కుడుకాయలు గిల్లుతోంది. చంటిది ఏడిస్తే తల్లి దాని నోటికి రొమ్ము అందించి, లోపలికి వినబడుతుందేమోనని గుమ్మం వైపు చూసింది. కీబోర్డు చప్పుడు బయటికి వినిపించేంత నిశ్శబ్దం. లైన్‌మన్ బీడీ తీసి, వెలిగించకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

‘సారూ, ఇది ఏం సెట్టింగ్?’ అన్నాడు చెవిలో.

నాకు తెలియదన్నాను. వృత్తిలో ఆ మాట నేను నోరు తెరిచి అనడం అదే మొదటిసారి. పిల్లలూ, ఆ మాట అన్నాక ఏమీ కూలిపోలేదు. కావాలంటే మీరూ అని చూడండి. స్పీడు ఎందుకు రావడం లేదని నేను కంప్యూటర్‌ను అడగని ప్రశ్న లేదు. ఆ ఇంట్లో మనుషులను ఒక్కటీ అడగలేదు. అడిగి ఉంటే, ‘శుక్రారం అందరు మాట్లాడుకుంటరు సారు’ అని పెద్దమ్మ మొదటి రోజే చెప్పేది. నేను ఆమెను చాయ్ మాత్రమే అడిగాను.

గంట పైనే పట్టింది. గద్దె మీదామె రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. చివరికి లోపల కుర్చీ జరిగిన చప్పుడు. కోడలు గుమ్మంలోకి వచ్చింది. ముఖం చూసి ఏమీ చెప్పలేకపోయాం. పెద్దమ్మ ‘ఏమైందే?’ అంది. ఆ పిల్ల నేరుగా వెళ్ళి, భర్త నడుం బెల్టు పట్టుకుని ఒక్కసారి గుంజింది. ‘ఇగ విప్పు దీన్ని. అప్పటికప్పుడే చెప్పిండ్రు, నౌకరికి తీసుకున్నరు’ అంది. అన్నాక ఏడ్చింది.

తర్వాత వాడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ‘అయిపోయిందక్కా. చేసుకోండ్రి.’

నేను అంతటి హోరు ఎప్పుడూ వినలేదు. ఒక్కసారిగా అన్ని ఫోన్లూ వెలిగాయి, అన్ని గొంతులూ లేచాయి. ‘పాసైందట!’, ‘ఎవలు? నువ్వు కాదయ్యా, పెద్దవ్వ కోడలు!’, ‘బిడ్డను సూడు, ఇటు సూడు!’ గద్దె మీదామెకు భర్త దొరికాడు. సామాన్లకు పోకుండా ఇంతసేపూ గదిలోనే కూర్చున్నాడట.

కొడుకు కూడా తన ఫోన్ తీశాడు. మస్కట్‌లో తన గదిలో ఉండే దోస్తులకు తాను ఇక రావడం లేదని ముఖం చూపించి చెప్పాలని. నొక్కాడు. తెర మీద గుండ్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గుండ్రమే. అతను ఫోన్ పట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, మెల్లగా నా దగ్గరికి వచ్చాడు.

‘సారూ, కలుస్తలేదు. జర సెట్టింగ్ చేస్తరా?’

నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

‘ఆగు తమ్మీ’ అన్నాను.